వార్తకి ఇంట్లో ఒక వేళ పెట్టండి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకి కూడా సంగతి తెలియాలి కాబట్టి ముందు మీ ప్రశ్నని నాలుగు మాటల్లో చెబుతాను. మీ మామగారు రిటైరయ్యాక పొద్దున్న లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా న్యూస్ ఛానల్ పెట్టే ఉంచుతున్నారు. ఆయనకీ మీవారికీ భోజనాల దగ్గర రోజూ వాదన. రెండో తరగతి చదివే మీ పాప వారం రోజులుగా రాత్రిళ్లు "యుద్ధం మనింటికి కూడా వస్తుందా అమ్మా?" అని అడుగుతోంది. ఫ్యామిలీ గ్రూప్‌లో మీ ఆడపడుచు పెట్టిన ఫార్వర్డ్ తప్పని మీరు అక్కడే రాస్తే, ఆవిడ మీతో మాట్లాడటం మానేసింది. టీవీ కనెక్షన్ తీసేయించి, గ్రూప్‌లోంచి బయటికొచ్చేస్తే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందా అని అడిగారు.

తీసేయించకండి. గ్రూప్‌లోంచి రావద్దు కూడా. ఎందుకో చెప్పాలంటే కొంచెం పెద్దగానే రాయాలి, ఓపిగ్గా చదవండి.

నేను 29 ఏళ్లు పత్రిక డెస్క్‌లో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం రాత్రి షిఫ్టే. విలేకరులు పంపిన కాపీ దిద్దడం, హెడ్డింగ్ పెట్టడం, టైముకి పేజీ ప్రింటుకి వదలడం నా పని. ఇంట్లో మా నాన్నగారు ఆఖరి పదకొండేళ్లు మాతోనే ఉన్నారు. ఆయనదీ అచ్చం మీ మామగారి తీరే. ఇద్దరు పిల్లల్ని ఆ టీవీ ముందే పెంచాం. వార్త ఎలా తయారవుతుందో చూశాను. అదే వార్త ఇంట్లోకి వచ్చాక పెద్దవాళ్లని, పిల్లల్ని ఏం చేస్తుందో కూడా చూశాను. ఈ రెండూ ఒకేచోట చూసే అవకాశం అందరికీ ఉండదు, అందుకే మీ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను.

ముందు పాప సంగతి. మిగతావి పది రోజులు ఆగినా పరవాలేదు, ఇది ఆగకూడదు.

2001 సెప్టెంబరు 11. న్యూయార్క్‌లో పొద్దున్న, మాకు సాయంత్రం. నేను డ్యూటీలో ఉన్నాను. ఆ రాత్రి మూడుసార్లు మొదటి పేజీ మార్చి, తెల్లవారుజామున ఇంటికొచ్చి పడుకున్నాను. లేచేసరికి ఆరేళ్ల మా అబ్బాయి మంచం పక్కన లెక్కల నోట్‌బుక్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "నాన్నా, తొమ్మిది బిల్డింగులు పడిపోయాయి, నేను లెక్కపెట్టాను" అన్నాడు. నోట్‌బుక్ ఆఖరి పేజీలో పెన్సిల్‌తో నిలువు గీతలు గీశాడు, తొమ్మిది. తాతయ్య పక్కన కూర్చుని టీవీ చూస్తూ, కూలిన ప్రతిసారీ ఒక గీత గీశాడన్నమాట. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. కూలిన టవర్లు రెండు. టీవీ వాటినే తిప్పి తిప్పి చూపించింది. మనకి అది పాత దృశ్యమని తెలుసు. వాడికి ప్రతిసారీ ఇంకో బిల్డింగ్, అందులో ఇంకొంతమంది మనుషులు. మర్నాడు మన బిల్డింగ్ వంతు రాదని వాడికెలా తెలుస్తుంది?

తర్వాత తెలిసింది, ఇది మా ఇంటి అనుభవం ఒక్కటే కాదని. ఆ రోజుల్లో పిల్లల మానసిక వైద్యులు చాలామంది ఇదే గమనించారు. చిన్న పిల్లలకి 'మళ్లీ చూపించడం' వేరు, 'మళ్లీ జరగడం' వేరు అని తెలియదు. అందుకే మీ పాపకి ముందు ఈ లెక్క సరిచేయండి. "ఏం చూశావు? ఎన్నిసార్లు చూశావు?" అని అడగండి. మీరు వివరించడం మొదలుపెట్టకముందే తను ఏం అనుకుంటోందో వినండి. పెద్దవాళ్లం దేని గురించో ధైర్యం చెబుతుంటాం, పిల్లల భయం ఇంకెక్కడో ఉంటుంది.

నేను ఆ రోజు కాగితం మీద రెండు డబ్బాలు గీసి, "పడిపోయినవి ఇవీ, ఇంతే. నువ్వు చూసినవన్నీ వీటి ఫొటోలే, మళ్లీ మళ్లీ చూపించారు" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, రబ్బరు తెచ్చుకుని ఏడు గీతలు చెరిపేశాడు. ఒక్కో గీతా నిదానంగా చెరిపాడు. చివరికి రెండు మిగిలాయి. "ఈ రెండిట్లో ఉన్నవాళ్లు?" అని అడిగాడు. కొందరు బయటికొచ్చారు, చాలామంది చనిపోయారు, వాళ్లని కాపాడటానికి లోపలికి వెళ్లిన ఫైర్ సిబ్బంది కూడా చనిపోయారు అని చెప్పాను. అబద్ధం చెప్పలేదు. ఆ రాత్రి వాడు పడుకున్నాడు.

"ఏమీ కాదులే, పడుకో" అని మాత్రం అనకండి. అది పాపకి జవాబు కాదు, ఆ విషయం మాట్లాడొద్దని చెప్పినట్టవుతుంది. తర్వాత అడగడం మానేస్తుంది, భయపడటం మానదు.

ఇక మీ మామగారు. మీరు కోపంగా రాశారు, తప్పులేదు, రోజంతా ఆ శబ్దం చెవిలో మోగుతుంటే ఎవరికైనా చిరాకొస్తుంది. కానీ ఆయన్ని ఆ టీవీ ముందు నుంచి లేపడం కాదు, అక్కడ కూర్చున్న మనిషికి ఏం జరుగుతోందో ముందు చూడండి.

బోస్టన్ మారథాన్‌లో 2013 ఏప్రిల్ 15న బాంబులు పేలాయి. ఆ తర్వాత అమెరికాలో 4,675 మంది పెద్దవాళ్లని పరిశోధకులు అడిగి చూశారు. పేలుడు తర్వాత వారం పాటు రోజుకి ఆరు గంటలు, అంతకన్నా ఎక్కువ దాని వార్తలు చూసినవాళ్లలో ఒత్తిడి లక్షణాలు, పేలుడు చోట స్వయంగా ఉన్నవాళ్లకన్నా ఎక్కువగా కనిపించాయి. నేను ఆ సంగతి మొదట చదివినప్పుడు నమ్మలేక రెండోసారి చదివాను. ప్రమాదంలో ఉన్నవాడికి ఆ క్షణం గడిచిపోతుంది. ఇంట్లో కూర్చుని చూసేవాడికి అది గడవదు, పేలుతూనే ఉంటుంది. ఇంకా ముందు, 1970ల్లోనే జార్జ్ గెర్బ్‌నర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ ఎక్కువగా టీవీ చూసేవాళ్ల మీద పనిచేశారు. తక్కువ చూసేవాళ్లతో పోలిస్తే వీళ్లు బయటి లోకం ప్రమాదకరమనీ, మనుషుల్ని నమ్మడానికి లేదనీ ఎక్కువగా అనుకుంటారని ఆయన చెప్పారు. మీ మామగారు పాపని పార్కుకి కూడా పంపొద్దంటున్నారని రాశారు కదా. అది మొండితనం అనుకోకండి. రోజుకి పద్నాలుగు గంటలు నేరాలు, ప్రమాదాలు చూసిన మనిషికి పార్కు అలాగే కనిపిస్తుంది.

మా నాన్నగారు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పదిమంది వచ్చి సలహా అడిగిన మనిషి. రిటైరయ్యాక ఆయన్ని ఎవరూ ఏమీ అడగడం లేదు. నేను రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. మా ఆవిడకి ఉద్యోగం, పిల్లలకి స్కూలు. ఆయన రోజంతా వార్తలు చూసేవారు, మేం ఇంట్లో అడుగుపెట్టగానే ఒక్కొక్కరికీ చెప్పబోయేవారు. మేం "ఆఁ, ఆఁ" అంటూ వెళ్లిపోయేవాళ్లం. నాకైతే మరీ విసుగు, రోజంతా నేను చేసేది అదే పని కదా అని. ఆయన గొంతు పెంచేవారు. టీవీ వాల్యూమ్ కూడా పెరిగేది. మాకు ఆ రెండిటికీ సంబంధం ఉందని చాలాకాలం తట్టలేదు.

ఒకరోజు నాకు సెలవు. జ్వరంగా ఉండి హాల్లోనే పడుకున్నాను. ఏదో అనాలి కదా అని "ఏంటి నాన్నా ఇవాళ విశేషాలు?" అన్నాను. ఆయన నావైపు చూసి, టీవీ సౌండ్ తీసేశారు. ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఒక నదీ జలాల తగాదా గురించి, అది ఎక్కడ మొదలైందో, తన చిన్నప్పుడు ఏం విన్నారో అన్నీ చెప్పారు. మా డెస్క్‌లో ఎవరికీ తెలియని వివరాలు అందులో రెండు ఉన్నాయి. చెప్పడం అయ్యాక ఆయనే రిమోట్ తీసుకుని టీవీ కట్టేసి, "కాసేపు నడుం వాలుస్తాను" అంటూ లోపలికెళ్లారు. నాకు సిగ్గేసింది. ఇంట్లో మనిషి మాట వినేవాళ్లు లేక తెర ముందు కూర్చుంటే, మేం ఆ తెరని తిట్టుకుంటున్నాం.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక అలవాటు పెట్టుకున్నాం. సాయంత్రం ఏడున్నరకి నాన్నగారు మూడు వార్తలు చెప్పాలి. మూడే. నేను డ్యూటీకి వెళ్లిపోయి ఉంటే మా ఆవిడ, పిల్లలు వినేవారు. ఆయన పాత డైరీ ఒకటి తీసి నోట్ చేసుకోవడం మొదలుపెట్టారు. పదిహేను రోజులయ్యేసరికి నేను అనుకోని మార్పు ఒకటి వచ్చింది. మూడే చెప్పాలంటే ఏరుకోవాలి కదా, ఏరుకునేటప్పుడు ఆయన చాలావాటిని వదిలేసేవారు. "ఇది ఇంకా తేలలేదురా, రేపు చెబుతాను" అనేవారు. ఆ మాట ఒక సీనియర్ ఎడిటర్ అనాల్సిన మాట. మా అమ్మాయి "తాతయ్యా, ఇది ఎవరు చెప్పారు?" అని అడిగితే తెల్లమొహం వేయకూడదని, ఎవరు చెప్పారో కూడా రాసుకునేవారు. ఆ డైరీలు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి.

మీ మామగారికి ఈ పని అప్పజెప్పండి. పిల్లకి అర్థమయ్యేలా, పిల్ల భయపడకుండా రోజుకి మూడు వార్తలు చెప్పే బాధ్యత. మొక్కుబడిగా వినొద్దు. పెద్దవాళ్లు ఇట్టే పసిగడతారు. నిజంగా కూర్చుని వినండి, ఎదురు ప్రశ్న వేయండి. ఇరవై నిమిషాలు చాలు. ఆ ఇరవై నిమిషాలు లేకపోవడం వల్లే ఆ పద్నాలుగు గంటలు వచ్చాయని నా నమ్మకం. మిగతా టైములో టీవీ ఆపమని అడగడం అప్పుడు తేలికవుతుంది. కనీసం పాప ఇంట్లో ఉన్నంతసేపు ఆపుతారు, ఎందుకంటే పాప ఇప్పుడు ఆయన శ్రోత.

'ఇంకా తేలలేదు' అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి, నేను 29 ఏళ్లలో నేర్చుకున్న దాంట్లో ముఖ్యమైంది ఇదే.

చాలా ఏళ్ల కిందటి మాట. రాత్రి బస్సు ప్రమాదం. చివరి ఎడిషన్‌కి ఇరవై నిమిషాల టైముంది. విలేకరి ఫోన్‌లో పేర్లు చదువుతున్నాడు, నేను రాసుకుంటున్నాను. చనిపోయినవాళ్లది ఒక జాబితా, గాయపడినవాళ్లది ఒకటి. లైన్‌లో ఒకటే గరగర. ఒక పేరు దగ్గర అది ఏ జాబితాలోదో సరిగ్గా వినిపించలేదు. అడుగుదామనుకునేలోపు లైన్ కట్టయింది. మళ్లీ కలపడానికి ప్రయత్నించి ఉండాల్సింది. నేను ఆ పేరుని మొదటి జాబితాలో వేసి పేజీ వదిలేశాను. మర్నాడు సాయంత్రం డ్యూటీకి వెళ్లేసరికి ఆ మనిషి అన్నగారు రిసెప్షన్‌లో కూర్చుని ఉన్నారు, మధ్యాహ్నం నుంచీ కూర్చున్నారట. పేపరు మడిచి చేతిలో పట్టుకున్నారు. తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నాడు, కాలు విరిగింది, ప్రాణానికి ప్రమాదం లేదు. కానీ పేపరు చూసి వాళ్ల అమ్మగారు కుప్పకూలిపోయారు. ఆయన నా మీద అరవలేదు. "ఇంకొక్కసారి అడగాల్సింది కదండీ" అన్నారు, అంతే. మర్నాడు లోపలి పేజీలో నాలుగు లైన్ల సవరణ వేశాం. ఆ నాలుగు లైన్లు ఎంతమంది చదివి ఉంటారో నాకు తెలుసు.

అప్పట్లో మాకు రాత్రికి ఒక డెడ్‌లైన్ ఉండేది, ఆ హడావిడిలో తప్పు జరిగింది. ఇప్పుడు ప్రతి నిమిషమూ డెడ్‌లైనే. 24 గంటల వార్తా ఛానల్ అన్నది 1980 జూన్ 1న అమెరికాలో సీఎన్ఎన్‌తో మొదలైంది. అంతకుముందు వార్తకి ఒక వేళ ఉండేది. వచ్చిన సమాచారాన్ని ఆ వేళ లోపు సరిచూసుకునే వీలుండేది. ఇప్పుడు తెలిసింది తెలిసినట్టే చెప్పాలి, తెలియకపోతే ఊహించి చెప్పాలి, ఎందుకంటే తెర ఖాళీగా ఉండకూడదు. న్యూయార్క్ టవర్ల సంగతే చూడండి. మొదటి వారాల్లో మృతులు, ఆచూకీ లేనివాళ్లు కలిపి ఆరు వేలకి పైగా అని ప్రపంచంలోని పత్రికలన్నీ రాశాయి, నా చేత్తో నేనూ హెడ్డింగ్ పెట్టాను. ఒకే పేరు రెండు మూడు జాబితాల్లో ఉంది, కనిపించకుండా పోయారనుకున్నవాళ్లు క్షేమంగా తేలారు. నెలల పాటు లెక్క తగ్గుతూ వచ్చింది. ఆ రోజు దాడులన్నిటిలో కలిపి చనిపోయినవారు 2,977 మంది. మోసం ఎవరూ చేయలేదు. పెద్ద సంఘటనలో నిజం తేలడానికి అంత టైము పడుతుంది మరి.

కాబట్టి ఏదైనా పెద్ద సంఘటన జరిగిన మొదటి రోజు ఇంట్లో టీవీ కట్టేయడమే నేను ఇచ్చే సలహా. మీ ఊరికి తుపాను వస్తోంది, మీ వీధిలోకి వరద వస్తోంది అంటే వేరు, అప్పుడు అధికారులు చెప్పేది వెంటవెంటనే వినాలి. దూరంగా ఎక్కడో జరిగినదాన్ని మర్నాడు పొద్దున్న తెలుసుకుంటే మీకు పోయేదేమీ లేదు. తక్కువ తప్పులతో, ఎక్కువ అర్థంతో తెలుస్తుంది.

మీవారికీ మామగారికీ జరిగే వాదన గురించి ఎక్కువ చెప్పను. తండ్రీకొడుకుల వాదనలో వార్త పాలు ఎంతో, పాత లెక్కలు ఎన్నో బయటివాళ్లకి తెలియదు. ఒక్కటే అడుగుతాను. వాళ్లు వాదించుకునేది జరిగినదాని మీదా, లేక టీవీ చర్చలో ఎవరో అన్నదాని మీదా? గమనించి చూడండి. విలేకరిని చోటికి పంపి నాలుగు రోజులు ఉంచి వార్త తెప్పించడం ఖర్చుతో కూడిన పని. స్టూడియోలో ఆరుగుర్ని కూర్చోబెట్టి గంట సేపు మాట్లాడించడం చవక. అందుకే సాయంత్రాలు చర్చలతో నిండిపోయాయి. ఆ ఆరుగురి పోట్లాటని మనం ఇంటికి తెచ్చుకుని, భోజనాల దగ్గర తలా ఒక పక్షం తీసుకుని కొనసాగిస్తున్నాం. మా ఇంట్లో ఒక నియమం ఉండేది, భోజనాల దగ్గర ఎవరైనా వార్త చెప్పొచ్చు, ఎవరి అభిప్రాయం మీదా అభిప్రాయం చెప్పకూడదు. అన్నిసార్లూ కుదరలేదు. కుదిరినన్నాళ్లూ అందరం ప్రశాంతంగా భోంచేశాం.

ఫ్యామిలీ గ్రూప్ సంగతికి వస్తే, మీరు రాసింది నిజమే, మీ ఆడపడుచు పెట్టింది తప్పే. అయినా మీరు చెప్పిన చోటు సరైంది కాదు. ముప్ఫైమంది చూస్తుండగా "ఇది ఫేక్" అంటే ఆవిడకి వినిపించేది వార్త తప్పని కాదు, తను తెలివితక్కువదని. ఫోన్ చేసి ఉండాల్సింది. ఇప్పుడైనా చేయండి. మొదట క్షమాపణ చెప్పండి, ఫార్వర్డ్ సంగతి రెండో ఫోన్‌లో మాట్లాడొచ్చు.

ఆవిడ ఎందుకు పంపారో కూడా ఆలోచించండి. 2018లో 'సైన్స్' పత్రికలో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ పరిశోధకులు ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 దాకా తిరిగిన సుమారు 1,26,000 కథనాలని పరిశీలించారు. అబద్ధాన్ని ఇంకొకరికి పంపే అవకాశం నిజంకన్నా 70 శాతం ఎక్కువగా కనిపించింది. 1,500 మందికి చేరడానికి అబద్ధంకన్నా నిజమైన కథనానికి సుమారు ఆరు రెట్ల సమయం పట్టింది. యంత్రాలు పంపినవి తీసేసి చూసినా లెక్క మారలేదు, అంటే పంపింది మనుషులే. అబద్ధం కొత్తగా ఉంటుంది, ఆశ్చర్యం, అసహ్యం కలిగిస్తుంది. అలాంటిది చూడగానే మనవాళ్లకి చెప్పాలనిపిస్తుంది. మీ ఆడపడుచుకి మీ పాప మీద ప్రేమ లేకపోతే పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న మెసేజ్ ఆ రాత్రి పదకొండింటికి ఎందుకు పెడతారు? భయపడింది, మిమ్మల్ని జాగ్రత్త పడమంది. ఆ భయానికి ముందు జవాబివ్వండి.

ఒక చిన్న గుర్తు మాత్రం ఇంట్లో అందరికీ నేర్పండి. వాట్సాప్‌లో మెసేజ్ పైన రెండు బాణాలు కనిపిస్తే, అది కనీసం ఐదు చేతులు మారి మీ దాకా వచ్చిందని అర్థం. రాసిందెవరో పంపినవాళ్లకి కూడా తెలియదు. 2020 ఏప్రిల్ నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపే వీలుంది, ఆ నిబంధన తర్వాత అలాంటి మెసేజ్‌లు 70 శాతం తగ్గాయని ఆ కంపెనీయే చెప్పింది. ఒక్క క్షణం ఆగేలా చేస్తే మనిషి పంపడం మానేస్తాడు, అంత చిన్న విషయం. మా కుటుంబం గ్రూప్‌లో ఇప్పుడు రెండు బాణాలున్నవి ఎవరు పంపినా, "నువ్వు చూశావా, విన్నావా?" అని మా తోడల్లుడు ఒక్క మాట రాస్తాడు. కోపం లేకుండా రాస్తాడు. చూడలేదని వాళ్లే తీసేస్తారు.

సరిచూడటం పెద్ద విద్య కూడా కాదు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో చరిత్రకారుల్ని, ఆ యూనివర్సిటీ విద్యార్థుల్ని, వృత్తిగా నిజనిర్ధారణ చేసేవాళ్లని కూర్చోబెట్టి వెబ్‌సైట్లు చూపించారు. పీహెచ్‌డీలున్న చరిత్రకారులు కూడా ఆ పేజీనే పైనుంచి కిందికి చదువుతూ మోసపోయారు. నిజనిర్ధారణ చేసేవాళ్లు ఆ పేజీలో ఎక్కువసేపు ఉండలేదు, ఇంకో ట్యాబ్ తెరిచి, దీన్ని నడుపుతున్నదెవరు, వీళ్ల గురించి బయటివాళ్లు ఏమంటున్నారు అని చూశారు. మేం డెస్క్‌లో చేసిందీ అదే, మా దగ్గర ట్యాబ్‌లు లేవు, ఫోన్ ఉండేది. కాపీలో అనుమానం వస్తే కాపీనే పదిసార్లు చదవడం వల్ల లాభం లేదు, వేరే మనిషిని అడగాలి. ఫొటో అయితే రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో, అంటే ఆ ఫొటో ఇంతకుముందు ఎక్కడ వచ్చిందో వెతికే దాంట్లో, పెట్టి చూడండి, ఐదేళ్ల కిందటి ఇంకో దేశం ఫొటో అని తరచూ బయటపడుతుంది.

గ్రూప్‌లో సరిదిద్దక తప్పదనుకుంటే అబద్ధాన్ని తిరిగి రాయకండి. విన్నదాన్నే మళ్లీ విన్నప్పుడు మనిషికి అది నిజంలా అనిపిస్తుందని 1977లోనే ప్రయోగం చేసి చూపించారు. "ఫలానా పుకారు అబద్ధం" అని రాస్తే, ఆ పుకారుని అందరికీ ఇంకోసారి వినిపించినట్టవుతుంది. జరిగింది జరిగినట్టు ఒక వాక్యంలో రాసి ఊరుకోండి.

అన్నీ మానేస్తే పోదా అని మీరు అడిగినదానికి ఇప్పుడు జవాబు చెప్పగలను. మీరు ఒంటరి కాదు. ఆక్స్‌ఫర్డ్‌లోని రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ ఏటా చాలా దేశాల్లో సర్వే చేస్తుంది. అప్పుడప్పుడో తరచుగానో వార్తలకి కావాలని దూరంగా ఉంటున్నామన్నవాళ్లు 2017లో 29 శాతం, 2024కి 39 శాతం. వాళ్ల అలసట నాకు అర్థమవుతుంది. కానీ మీరు కనెక్షన్ తీసేసినా పాపకి స్కూల్లో తెలుస్తుంది, అక్కడ చెప్పేది ఇంకో ఏడేళ్ల పిల్ల. మామగారికి ఫోన్‌లో దొరుకుతుంది, అది ఇంకా ఘోరం, ఎందుకంటే ఫోన్‌లో ఏం చూస్తున్నారో మీకు కనిపించదు.

ఇంకో కారణం ఉంది, నాకు ఇదే ఎక్కువ. 1965లో గాల్టుంగ్, రూగె అనే ఇద్దరు నార్వే పరిశోధకులు ఏది వార్త అవుతుందో విశ్లేషించారు. హఠాత్తుగా జరిగింది, చెడ్డది, మనకి దగ్గరగా అనిపించేది తొందరగా వార్త అవుతుంది. మంచి చాలావరకు నెమ్మదిగా జరుగుతుంది, అందుకే దానికి హెడ్డింగ్ దొరకదు. 1990లో ప్రపంచంలో ఐదేళ్లలోపు పిల్లలు ఏడాదికి కోటీ ఇరవై లక్షల మందికి పైగా చనిపోయేవారు. 2022కి అది 50 లక్షల లోపుకి వచ్చింది. టీకాలు, శుభ్రమైన నీళ్లు, చదువుకున్న తల్లులు, ఊరూరా తిరిగే నర్సులు. నా ఉద్యోగకాలమంతా అది జరుగుతూనే ఉంది, నేను ఒక్కరోజూ దాన్ని బ్యానర్ చేయలేదు. ఏ రోజు చేయాలి? ఫలానా రోజున జరిగిందని చెప్పడానికి లేదు. మశూచి కూడా అంతే. సహజంగా సోకిన చివరి కేసు 1977లో సోమాలియాలో వచ్చింది, పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. ఆ ప్రకటనకి వెనక ఇరవై ఏళ్ల పని ఉంది, అందులో ఎన్ని రోజులు మొదటి పేజీకి ఎక్కి ఉంటాయి? పాపకి ఇలాంటివి చెప్పాల్సింది ఇంట్లోవాళ్లే. టీవీ చెప్పదు. మీ మామగారి తరం దీన్ని కళ్లారా చూసింది. మశూచి మచ్చలున్న ముఖాలు ఆయనకి గుర్తుంటాయి, అడిగి చూడండి. ఆయన చెప్పే మూడింటిలో ఒకటి అలాంటిది ఉండాలని మీరే అడగొచ్చు.

ఇవాళ రాత్రి పాప మళ్లీ అడుగుతుంది కదా. లైటు తీసేయకముందే మంచం మీద పక్కన కూర్చోండి. గ్లోబ్ ఉంటే తెచ్చుకోండి, లేకపోతే అట్లాసు చాలు. ఆ యుద్ధం జరిగే చోటు మీద తన వేలు పెట్టించండి, మీ ఊరి మీద మీ వేలు పెట్టండి. మధ్యలో ఉన్న దేశాల పేర్లు ఇద్దరూ కలిసి చదవండి, తొందరపడొద్దు, ఒక్కొక్కటీ. అక్కడి పిల్లల గురించి అడిగితే తెలిసినంత చెప్పండి, తెలియంది "రేపు తాతయ్యని అడుగుదాం" అనండి. పొద్దున్న లేచాక పాప మరిచిపోయినా, మీరు మరిచిపోకుండా ఆయన్ని అడగండి.